జేజినాయనకు లేచిన రాచకురుపు ఏమిటి? పాత జబ్బుల పేర్లను నేటి పేర్లుగా చదువుకునే పద్ధతి

మా నాయనకు షుగర్ బయటపడిన రోజున డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని. నాయన తడుముకోకుండా "మా ఇంటావంటా లేదమ్మా" అన్నాడు. ఆయనకు తెలిసినంతలో అది నిజమే. ఆ సంక్రాంతికి జమ్మలమడుగు దగ్గరున్న మా పల్లెకు పోయినప్పుడు జేజి (నాయనమ్మ) పక్కన మంచం మీద కూర్చుని, జేజినాయన (తాత) ఎట్లా పోయినాడని అడిగాను.

"ఈపున రాచకురుపు లేసింది నాయనా. జల్లెడ మాదిరి నోళ్ళు తెరుసుకున్యాది. నెల తిరక్కుండానే పాయ."

రాచకురుపు అంటే క్యాన్సర్ అనుకుని అక్కడితో ఆపేసేవాణ్ణే. ఎందుకో ఇంకో మాట అడగబుద్ధయింది. అంతకుముందు ఆయన ఎట్లా ఉండేవాడు జేజీ అన్నాను. "సిక్కిపోయినాడు. రాత్రిళ్ళు దప్పికని ముంత పక్కనే పెట్టుకుంటాండె. ఒంటేలుకు పోయిన సోట తెల్లారేసరికి చీమలు."

చీమలు అనగానే నాకు విషయం అర్థమైంది. మూత్రంలో చక్కెర పోతుంటేనే చీమలు అట్లా చేరతాయి. అనేక నోళ్ళు తెరిచి, చీము కారుతూ, జ్వరంతో వారాల్లో మనిషిని తీసుకుపోయే వీపు కురుపును ఇప్పుడు కార్బంకుల్ అంటారు. షుగర్ అదుపులో లేనివాళ్ళలో అది ఎక్కువ. మన వైద్యులు దాన్ని ప్రమేహ పిడక అని మధుమేహంతో కలిపే చెప్పారు. అంటే మా ఇంటావంటా షుగర్ ఉంది. దానికి మేము పెట్టుకున్న పేరు వేరు, అంతే.

పాత కాలంలో జబ్బుకు పేరు పెట్టినవాళ్ళకు కంటికి కనబడేది, చేతికి తగిలేది తప్ప ఇంకో ఆధారం లేదు. అందుకే ఒక్క పేరు కింద నాలుగు జబ్బులు దాక్కుంటాయి, ఒక్క జబ్బుకు నాలుగు పేర్లుంటాయి. నిఘంటువు తెరిచి పాత పేరు పక్కన కొత్త పేరు రాసుకుంటే పని కాదు. మధ్యలో లక్షణాల మీదుగా నడిచి పోవాలి. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో మా ఇళ్ళల్లో వినబడే పేర్లతోనే ఆ దారి చెబుతాను.

మొదటి పని: విన్నది విన్నట్టు రాసుకోవడం

పెద్దవాళ్ళు చెప్పిన మాటను దిద్దకండి. "జరమొచ్చి సందిగొట్టి పాయ" అంటే ఆ మాటలే రాయండి. "జ్వరంతో మరణించారు" అని బాగుచేసి రాసిన క్షణంలో 'సంధి' అనే ఆధారం పోతుంది. సంధి కొట్టడమంటే తెలివి తప్పి పలవరించడం. జ్వరం మెదడును తాకిందని చెప్పే ఆనవాలు ఆ ఒక్క మాటలోనే ఉంది.

మన జిల్లాల్లో ఒకే వీధిలో రెండు మూడు భాషలు నడుస్తాయి. కర్నూలు, కడప పట్టణాల్లో ముస్లిం ఇళ్ళల్లో మశూచిని చేచక్ అనీ, కలరాను హైజా అనీ, కామెర్లను యర్ఖాన్ అనీ, పక్షవాతాన్ని లఖ్వా అనీ, మూర్ఛను మిర్గీ అనీ అంటారు. దిఖ్ అంటే క్షయ, దమా అంటే ఉబ్బసం. కన్నడ మాట్లాడే ఇళ్ళల్లో సిడుబు అంటే మశూచి. మీ ఇంట్లో లేని మాట పక్కింటి కథలో వినబడితే దాన్నీ రాసి పెట్టుకోండి.

మాట బొత్తిగా అర్థం కాకపోతే బ్రౌన్ నిఘంటువు చూడండి. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడి మనుషుల నోటి మాటలను శ్రద్ధగా పోగేసినవాడు. కడప యర్రముక్కపల్లెలో ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. జబ్బుల మాటలు, మందుల మాటలు ఆయన నిఘంటువులో చాలానే దొరుకుతాయి. అయితే అక్కడ దొరికే అర్థం ఆ కాలపు అర్థం. దాన్ని కూడా ఈ కింది ప్రశ్నలతో సరిచూసుకోవాలి.

రెండో పని: ఆ పేరు దేన్ని బట్టి పుట్టిందో చూడడం

కొన్ని పేర్లు ఒంటి తీరును చెబుతాయి. ధనుర్వాతంలో ఒళ్ళు విల్లులా వెనక్కి వంగుతుంది. ఇది ఈనాటి టెటనస్. క్షయ అంటే తరిగిపోవడం, మనిషి కరిగిపోతాడు. ఇది టీబీ. సర్పి అంటే పాకేది. కంఠసర్పి గొంతులో తెల్లటి పొరలా పాకే డిఫ్తీరియా.

కొన్ని పేర్లు మర్యాద కోసం, భయం కోసం పెట్టినవి. కుష్టు అనే మాట నోట రాకుండా పెద్దరోగం అన్నారు. సుఖవ్యాధి, సవాయి, సెగ అన్నవి సిఫిలిస్, గనేరియా లాంటి జబ్బులు. ఇలాంటి పేరు వినబడితే గట్టిగా తవ్వకండి. చెప్పేవాళ్ళకు ఇష్టమైనంతే వినండి.

ఇంకొన్నింటిలో చివరి మాట ఒకటే కావడం వల్ల మోసపోతాం. వాతం అన్న మాట చూడండి. పక్షవాతం మెదడులో రక్తనాళం మూసుకుపోవడమో చిట్లడమో. ధనుర్వాతం గాయం గుండా చేరిన క్రిమి విషం. కీళ్ళవాతం కీళ్ళ వాపు. మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధమే లేదు. కదలిక పోయినా, బిగుసుకున్నా, నొప్పి పెట్టినా అది వాయువు పనేనన్న పాత వైద్య భావన వల్ల మూడూ ఒక గూటికి చేరాయి. "మా ఇంట్లో అందరికీ వాతమే" అని ఎవరైనా అంటే ఏ వాతమో అడిగి తీరాలి. మేహం కూడా అంతే. మధుమేహం షుగర్. ఉత్త మేహం అన్నప్పుడు మూత్రంలో మంట, తెల్లబట్ట, సెగ, ఏదైనా కావచ్చు.

మూడో పని: ఐదు ప్రశ్నలు

ఎంత వయసులో వచ్చింది? ఎన్నాళ్ళు ఉంది? ఒంటి మీద ఎక్కడ ఏం కనబడింది? ఇంట్లో, ఊళ్ళో ఇంకెవరికైనా అప్పుడే వచ్చిందా? బతికితే ఏ గుర్తు మిగిలింది? ఈ ఐదింటికీ జవాబులొస్తే చాలావరకు ముడి విడిపోతుంది.

"ఎన్నాళ్ళు" అన్న ప్రశ్నకు పెద్దవాళ్ళు తారీఖులతో చెప్పరు. "అప్పుడు శెనక్కాయ పెరుకుతాండిరి, కళ్ళం అయ్యేలోపల పాయ" అంటారు. అది చాలు, నెలన్నా రెండు నెలలన్నా లెక్క తేలుతుంది. రాచకురుపు విషయంలో ఈ ప్రశ్నే ముఖ్యం. రాచకురుపు, రాచపుండు అనే రెండు మాటలనూ జనం క్యాన్సర్‌కూ వాడారు, కార్బంకుల్‌కూ వాడారు. వారాల్లో ముదిరి, జ్వరంతో, చీముతో, భరించలేని నొప్పితో ఉంటే కార్బంకుల్ అనుకోవచ్చు. గట్టిగా, మొదట్లో నొప్పి లేకుండా, నెలల తరబడి పెరిగిన గడ్డ అయితే, రొమ్ములోనో నోట్లోనో మానని పుండైతే, క్యాన్సర్ అని అనుమానించాలి.

నాలుగో పని: ఏడాది కట్టడం

పాత మరణాలను మన వాళ్ళు తెలుగు సంవత్సరాలతోనో కరువులతోనో గుర్తుపెట్టుకుంటారు. 60 ఏళ్ళకోసారి అదే పేరు మళ్ళీ వస్తుంది కాబట్టి, ఆ మనిషి మనుమలు మనుమరాళ్ళ వయసుతో సరిచూసుకుంటే ఏ ఆవృత్తమో తేలుతుంది.

రెండు ఏళ్ళను ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. ధాత కరువు అంటే 1876లో మొదలై 1878 దాకా రాయలసీమను పీల్చేసిన కరువు. అప్పటి చావుల్లో ఆకలితో పాటు కలరా, జిగట విరేచనాలు, జ్వరాలు కలిసి ఉన్నాయి. ఇంకోటి కాళయుక్తి, అంటే 1918 ఉగాది నుంచి 1919 ఉగాది దాకా. "కాళయుక్తిలో జరాలొచ్చి ఒకే ఇంట్లో ముగ్గురు పోయిరి" అనే మాట వినబడితే, అందులోనూ పోయినవాళ్ళు పాతికా ముప్పై ఏళ్ళ పడుచువాళ్ళైతే, అది 1918 చివరి నెలల్లో దేశమంతా కమ్మిన ఇన్‌ఫ్లుయెంజా అయ్యుంటుంది. మామూలు జ్వరాలు ముసలివాళ్ళనూ చంటిపిల్లలనూ తీసుకుపోతే, అది నడివయసు కూడా రానివాళ్ళను తీసుకుపోయింది. మన దేశంలో కోటికి పైగా మనుషులు పోయారని అంచనా.

కాగితాలు దొరికితే ఒక జాగ్రత్త. మన మూడు జిల్లాలూ 1953 దాకా మద్రాసు పాలనలో ఉన్నాయి. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది కాబట్టి అంతకు ముందరివి బళ్ళారి పేరు మీద ఉంటాయి. ఊళ్ళో చావుపుట్టుకలు రాసింది డాక్టరు కాదు, గ్రామ మునసబు. ఆయనకు ఉన్నవి కొద్ది గళ్ళే: కలరా, మశూచి, ప్లేగు, జ్వరం, విరేచనాలు, దెబ్బలు, ఇతరములు. ఏమీ తేలకపోతే జ్వరం గడిలో పడేసేవారు. కాబట్టి రిజిస్టరులో 'జ్వరం' అని ఉంటే అది మలేరియా, టైఫాయిడ్, న్యుమోనియా, క్షయ, పురిటి జ్వరం, వీటిలో ఏదైనా కావచ్చు. మునసబు రాసిన మాటకన్నా మీ అవ్వ చెప్పిన మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఐదో పని: ఒక్కో పేరునూ విప్పడం

అమ్మవారు. అమ్మవారు పోసింది అంటే మశూచి కావచ్చు, ఆటలమ్మ కావచ్చు, తట్టు కూడా కావచ్చు. పెద్దమ్మవారు మశూచి, చిన్నమ్మవారు ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్. తట్టు, పొంగు అన్నవి మీజిల్స్. జబ్బు పేరు ఎత్తితే తల్లికి కోపమొస్తుందని సుంకులమ్మకో మారెమ్మకో మొక్కుకుని, వేపమండలు కట్టి, "తల్లి చల్లగా చూసింది" అని మాత్రమే అనేవాళ్ళు. అందుకే పేరుతో తేలదు, మచ్చలతో తేలుతుంది. మశూచి పొక్కులు ముఖం మీద, చేతుల మీద, కాళ్ళ మీద ఎక్కువ. అరచేతుల్లో అరికాళ్ళలో కూడా లేస్తాయి, అన్నీ ఒకే దశలో ముదురుతాయి. లోతైన గుంటలు జీవితాంతం ఉంటాయి. కొందరికి కన్ను పోయేది. ఆటలమ్మ పొక్కులు ఛాతీ, వీపు మీద ఎక్కువ. ఒకటి ఎండుతుంటే ఇంకోటి లేస్తుంది. దురద పెడుతుంది. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది, ప్రపంచంలో లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. ఆ తర్వాత పోసిన ఏ అమ్మవారూ మశూచి కాదు.

దీనికి తోక ఒకటుంది. ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ నరాల్లో నిద్రపోతుంది. ముసలితనంలో మళ్ళీ లేచి, నడుం చుట్టూనో ఛాతీకి ఒక పక్కనో పట్టీలా పొక్కులు కడుతుంది. మన వాళ్ళు దాన్ని అక్కి అంటారు. చిన్నప్పటి ఆటలమ్మకూ అరవై ఏళ్ళ అక్కికీ సంబంధం ఉందని పాత పేర్లను బట్టి ఎవరూ ఊహించలేరు. అక్కి లేచిన మూడు రోజుల్లోపు డాక్టరు దగ్గరికి పోతే మందు బాగా పనిచేస్తుంది. ఎర్రమన్ను పూసి ఆగిపోకండి.

సన్నిపాతం. వాత పిత్త కఫాలు మూడూ ఒక్కసారి చెడడాన్ని వైద్యులు సన్నిపాతం అన్నారు. జనం నోట్లో అది తగ్గకుండా పట్టుకుని, పలవరింతలు తెచ్చే జ్వరం. మూడు వారాలు ఉండి, కడుపు చెడి, మనిషి నీరసించి ఉంటే టైఫాయిడ్ అనుకోండి. మెడ బిగుసుకుని రెండు మూడు రోజుల్లో పోతే మెదడు పొరల వాపు. వణికించే చలితో వచ్చి, చెమటతో దిగి, రోజు విడిచి రోజు వస్తే మలేరియా. ఈ చలిజ్వరానికి చెడుగాలే కారణమని లోకం చాలాకాలం నమ్మింది. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. ఇప్పటికీ పత్రికల్లో 'విషజ్వరాలు' అని రాస్తున్నారు. డెంగీనా, మలేరియానా, టైఫాయిడా చెప్పని ఆ మాట నిజానికి మునసబు రాసిన 'జ్వరం' గడి లాంటిదే.

బల్ల. "కడుపులో బల్ల పెరిగింది" అంటే ఎడమ పక్కటెముకల కింద గట్టిగా చేతికి తగిలే ప్లీహం, అంటే తిల్లి. పదేపదే చలిజ్వరం వచ్చిన పిల్లల్లో ఇది పెరుగుతుంది. చలిజ్వరం, బల్ల రెండూ ఒకే మనిషి కథలో వస్తే మలేరియా అని గట్టిగా అనుమానించవచ్చు.

నారికురుపు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది మన సీమ నీళ్ళ కథ. మా మేనత్త ఎడమ కాలి పిక్క కింద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. చిన్నప్పుడు దిగుడు బావిలో మెట్లు దిగి, కాళ్ళు నీళ్ళల్లో పెట్టి, బిందె ముంచుకునేవాళ్ళు. "బొబ్బ లేసి మంట పుట్టేది అబ్బీ, నీళ్ళల్లో పెడితేనే సల్లగుండేది. బొబ్బ పగిలినాక తెల్లదారం మాదిరి తల బయటికి పెట్టింది. మాయమ్మ దాన్ని చీపురుపుల్లకు సుట్టి, దినామూ ఇంత ఇంత తిప్పేది. గుంజితే తెగుతాది, తెగితే కాలు వాసి నంజుపడతాది" అని చెప్పింది. చెబుతూ బొటనవేలినీ చూపుడువేలినీ పుల్ల తిప్పినట్టు తిప్పింది. ఎన్ని ఏళ్ళైనా ఆ చేతికి ఆ కదలిక గుర్తుంది.

ఇది గినీ వార్మ్, దాదాపు మీటరు దాకా పెరిగే పురుగు. నీళ్ళల్లో ఉండే కంటికి ఆనీ ఆనని పురుగుల ద్వారా కడుపులోకి పోతుంది. ఏడాది తర్వాత కాలి నుంచి బయటికొస్తుంది. మంట చల్లారడానికి కాలు నీళ్ళల్లో పెట్టగానే అది పిల్లలను వదులుతుంది, బావి నీళ్ళల్లోకి పురుగు మళ్ళీ చేరుతుంది. దిగుడు బావులు మూసి, చేతిపంపులు వేసి, నీళ్ళు గుడ్డతో వడకట్టి తాగమని ఊరూరా చెప్పి దీన్ని పోగొట్టారు. మన దేశంలో చివరి కేసు 1996లో వచ్చింది, 2000లో దేశం దీని నుంచి బయటపడినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మందు, టీకా రెండూ లేకుండా ఒక జబ్బును నీళ్ళ శుభ్రతతోనే పోగొట్టారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. బయటికి రాకుండా లోపలే చచ్చిన పురుగు సున్నం కట్టి, ఏళ్ళ తర్వాత ఎక్స్‌రేలో వంకర దారంలా కనబడవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ మోకాలి ఎక్స్‌రేలో అలాంటిది కనబడితే, ఈ జబ్బును ఎన్నడూ చూడని కుర్ర డాక్టరుకు నారికురుపు సంగతి మీరే చెప్పండి.

కామెర్లు. ఇది జబ్బు పేరు కాదు, కళ్ళు పచ్చబడే గుర్తు. కలుషిత నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. తగ్గించిన పేరు మాత్రం పసరుకు దక్కింది. కంట్లో పసరు పోయించుకుని చూపు పాడుచేసుకోవద్దు. "కామెర్లతో పోయినాడు" అన్నప్పుడు తాగుడు ఉండేదా, పొట్ట నీళ్ళతో ఉబ్బిందా అని అడగండి. అది జలోదరం, కాలేయం గట్టిపడిన గుర్తు. ఒకే ఇంట్లో తల్లికీ బిడ్డలకూ కాలేయం జబ్బులుంటే హెపటైటిస్ బి పరీక్ష చేయించుకోవాలి. ముసలివయసులో నొప్పి లేకుండా పచ్చబడి చిక్కిపోతే లోపల గడ్డ అనుమానం. మనిషి పాలిపోయి ఆయాసపడితే అది పాండురోగం, రక్తహీనత. కామెర్లతో కలపకూడదు.

పెద్దరోగం, బొల్లి. ఈ రెండింటినీ కలిపి ఎంతమంది ఆడపిల్లల పెళ్ళిళ్ళు చెడాయో! బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, గిల్లితే తెలుస్తుంది, ఎవరికీ అంటదు. కుష్టు మచ్చ కొంచెం పాలిపోయినట్టో ఎర్రగానో ఉండి స్పర్శ తెలియదు. ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా మందులిస్తారు, పూర్తిగా నయమవుతుంది.

పురిటి జబ్బులు. "పురిట్లోనే పోయింది" అన్న మాట దగ్గర ఆగకండి. కాన్పైన కొన్ని రోజులకు జ్వరంతో పోతే అది గర్భసంచికి చేరిన ఇన్ఫెక్షన్. వాతం కొట్టింది, ఒళ్ళు కొట్టుకుంది అంటే బీపీ పెరిగి వచ్చిన ఫిట్స్, ఎక్లాంప్సియా. ఇది ముఖ్యం. తల్లికో అక్కకో అలా వచ్చి ఉంటే ఆడపిల్లకు గర్భంలో బీపీ ముప్పు ఎక్కువ, మొదటి చెకప్‌లోనే చెప్పాలి. నాలుగు రోజులు బాగా పాలు తాగిన బిడ్డ ఉన్నట్టుండి చనుమొన పట్టలేక, ఒళ్ళు బిగుసుకుని పోతే మన వాళ్ళు బాలగ్రహం అన్నారు. చాలావరకు అది బొడ్డు కోసిన కొడవలి గుండా చేరిన ధనుర్వాతం. తల్లికి ఇంజెక్షన్, శుభ్రమైన బ్లేడు వచ్చాక అది ఆగింది. ఆ తల్లుల మీద ఏ దోషమూ లేదని మన ఇళ్ళల్లో ఇప్పటికైనా ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

మిగిలినవి గబగబా చెబుతాను. గంజినీళ్ళలా విరేచనాలై ఒక్క రోజులో పోతే వాంతిభేది, కలరా. ఇంట్లో ఎలుకలు పడి, తర్వాత గజ్జల్లో చంకల్లో గడ్డలు లేచి, ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారంటే ప్లేగు. కోరింత దగ్గు, గవదబిళ్ళలు ఇప్పటి పెర్టుసిస్, మంప్స్. పక్షవాతం పసిపిల్లకు ఒక కాలికే వచ్చి కాలు సన్నబడితే పోలియో. రేచీకటి విటమిన్ ఎ లోపం. శూల అంటే పొడిచే నొప్పి, అపెండిక్స్ నుంచి కిడ్నీ రాయి దాకా ఏదైనా. గాలి సోకింది అన్నచోట నురగ, నాలుక కరుచుకోవడం, ఒంటేలు పోవడం ఉంటే మూర్ఛ.

ఆరో పని: మనకు తగిలేవి వేరు చేయడం

రాసుకున్నవాటిని రెండు కుప్పలు చేయండి. కలరా, ప్లేగు, మశూచి, నారికురుపు ఆ మనిషితో పోయాయి. అవి కుటుంబ చరిత్ర. షుగర్, గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్, మూర్ఛ, గర్భంలో బీపీ, ఇవి రక్తం వెంట రాగలవు. క్షయ మధ్యలో ఉంటుంది. రక్తంలో రాదు కానీ ఒకే కప్పు కింద పడుకున్నవాళ్ళకు అంటి, ఏళ్ళ తరబడి లోపల నిద్రపోగలదు. రెండు వారాలకు మించిన దగ్గు ఉంటే మీ ఇంట్లో క్షయ ఉండేదని తప్పక చెప్పండి.

ఏడో పని: ఒక కాగితం

మా ఇంటి కాగితంలో ఒక వరస ఇలా ఉంది. "నాయన వాళ్ళ నాయన. సుమారు 50 ఏళ్ళు. ఇంట్లో పేరు రాచకురుపు. చూసింది: వీపున అనేక నోళ్ళ కురుపు, జ్వరం, నెలలోపు మరణం, అంతకుముందు దప్పిక, చిక్కిపోవడం, మూత్రానికి చీమలు. చెప్పింది జేజి. అనుమానం: షుగర్, కార్బంకుల్." పాత పేరు, చూసిన గుర్తులు, చెప్పినవారు, మన అనుమానం, ఈ నాలుగూ వేరువేరుగా ఉంచండి. మీ అనుమానాన్ని నిర్ధారణగా రాయొద్దు, ఆ పని డాక్టరుది.

ఆ కాగితం తీసుకుని పోయినప్పుడు డాక్టరమ్మ పెన్ను పెట్టి 'చీమలు' అన్న మాట కింద గీత గీసింది. ఆ వారమే నాయన తమ్ముళ్ళిద్దరికీ పరగడుపున రక్తపరీక్ష చేయించాం. చిన్నాయనకు షుగర్ మొదట్లోనే దొరికింది.